డిస్కు ఎందుకు జాప్యము చేయును?

కంప్యూటరు మందగించినదను ఫిర్యాదు వినబడని కార్యాలయము నేడు లేదు. బ్యాంకులో పాసుపుస్తకము అచ్చువేయు చోటను, రైలు టిక్కెట్ల కిటికీ వద్దను, ఆసుపత్రిలో రోగి పాత చీటీలు వెదకు బల్ల వద్దను మనకు దొరకు సమాధానము ఒక్కటే: "సిస్టమ్ స్లోగా ఉందండీ." ఇది రోగము పేరు కాదు. ఒళ్లు వెచ్చగా నున్నదని చెప్పుట వంటిది. వెచ్చదనమునకు కారణము నూరు రకములుగా నుండవచ్చును. కంప్యూటరు మందగించుటకు గల కారణములలో తరచుగా నిందకు గురియగునది డిస్కు. ఆ నింద కొన్నిసార్లు న్యాయమైనది, కొన్నిసార్లు అన్యాయమైనది. డిస్కు నుండి సమాచారము చదువుట, డిస్కుపై వ్రాయుట అను ఈ రాకపోకలను ఎట్లు కొలవవలెను, జాప్యము కలిగినపుడు దోషము ఎచ్చట నున్నదో ఎట్లు కనిపెట్టవలెను అనునది నేటి ప్రసంగ విషయము.

రేడియోలో పనిచేయువారికి ఇది పరాయి విషయము కాదు. ఒకప్పుడు టేపు చుట్టలపై నుండిన నాటకములు, సంగీత కచేరీలు, ప్రసంగములు ఇప్పుడు కంప్యూటరు డిస్కులపై నివసించుచున్నవి. ధ్వనిని సెకండుకు 48,000 పర్యాయములు కొలిచి, ఒక్కొక్క కొలతను 2 బైట్లలో వ్రాసి, కుడి యెడమలకు రెండు వరుసలు ఉంచినచో సెకండుకు 1,92,000 బైట్లు కావలెను. గంట కచేరీకి 69 కోట్ల 12 లక్షల బైట్లగును. ఉత్తరము తెరచుకొనుటకు రెండు సెకండ్లు ఆలస్యమైనచో మనము విసుగుకొని ఊరకుందుము. పాట మధ్య రెండు సెకండ్లు ఆలస్యమైనచో అది ఆలస్యము కాదు, నిశ్శబ్దము. ప్రసారమున పోయిన క్షణము తిరిగి రాదు. కాబట్టి డిస్కు సగటున ఎంత వేగముగా పనిచేయుచున్నదను ప్రశ్నతో మనకు తృప్తి కలుగదు. అవసరమైన క్షణమున అందించినదా, లేదా అనునదే మన ప్రశ్న.

ముందుగా డిస్కు పని చేయు తీరును తెలిసికొందము. 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి డిస్కు యంత్రమును వెలువరించినది. అందులో 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. అవి నిమిషమునకు 1,200 సార్లు తిరిగెడివి. వాటిపై 50 లక్షల అక్షరములు పట్టెడివి. కావలసిన అక్షరమును చేరుటకు సగటున 600 మిల్లీసెకండ్లు, అనగా సెకండులో సగమునకు పైగా పట్టెడిది. నేడు అరచేతిలో ఇముడు డిస్కుపై 20 టెరాబైట్లు పట్టుచున్నవి. అనగా ధారణశక్తి సుమారు 40 లక్షల రెట్లు పెరిగినది. మరి చేరుటకు పట్టు కాలమో? అది సుమారు 50వ వంతుకు మాత్రమే తగ్గినది. గిడ్డంగి కొండంత అయినది గాని సరకు తెచ్చు కూలివాని నడక ఆ మేరకు పెరుగలేదు. ఈ రెండింటి నడుమ నున్న అంతరమే మన చిక్కులలో పెక్కింటికి మూలము.

లెక్క చూడుడు. సాధారణమైన డిస్కు నిమిషమునకు 7,200 సార్లు, అనగా సెకండుకు 120 సార్లు తిరుగును. ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకండ్లు. కావలసిన భాగము తల క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు వేచియుండవలెను. అది 4 మిల్లీసెకండ్లకు పైచిలుకు. అంతకు ముందు తలను మోయు చేయి తగిన వలయము వద్దకు జరుగవలెను. దానికి 8 లేక 9 మిల్లీసెకండ్లు. వెరసి ఒక్కొక్క అర్జీకి సుమారు 13 మిల్లీసెకండ్లు. అట్లయినచో సెకండులో తీర్చగల అర్జీలు 77. ఒక్కొక్క అర్జీ 4 కిలోబైట్ల ముక్కను మాత్రమే కోరినదనుకొనుడు. సెకండుకు దక్కునది సుమారు 300 కిలోబైట్లు. అదే డిస్కు ఒకే చోట వరుసగా నున్న సమాచారమును సెకండుకు 150 మెగాబైట్లకు తక్కువ కాకుండ అందించును. డిస్కు ఒక్కటే, రోజు ఒక్కటే, కాని వేగములో 500 రెట్ల భేదము!

దీనిని గ్రంథాలయముతో పోల్చవచ్చును. ఒకే అర నుండి వరుసగా 20 సంపుటములు తెమ్మనినచో సేవకుడు ఒక్క నడకలో తెచ్చును. 20 గ్రంథములు 20 గదులలో నున్నచో అతడు పూటంతయు తిరుగును. మొదటి పూట అతడు చురుకైనవాడనియు, రెండవ పూట సోమరియనియు అనుట తగునా? అడిగిన తీరు వేరు, అంతే. తెలివిగల సేవకుడు చీటీలను ప్రోగుచేసికొని, దారిలో వచ్చు గదుల క్రమమున వాటిని సర్దుకొని ఒక్క తిరుగుడులో తెచ్చును. కంప్యూటరును నడుపు ఆపరేటింగ్ సిస్టము కూడ అట్లే అర్జీలను క్రమపరచును. మేడలలోని లిఫ్టు పైకి పోవుచు దారిలోని అంతస్తులవారిని ఎక్కించుకొనునట్లుండుటచే దీనికి లిఫ్టు పద్ధతియని పేరు వచ్చినది.

తిరుగు పళ్లెములు, కదలు చేయి లేని ఎస్.ఎస్.డి. అను కొత్తరకపు డిస్కులలో ఈ నడకయే లేదు. అవి ఒక అర్జీని మిల్లీసెకండులో పదియవ వంతు కాలములో తీర్చగలవు. పెక్కు అర్జీలను ఏకకాలమున తీర్చగలవు. కాని వాటికిని తమ స్వభావము కలదు. వ్రాసిన చోట మరల వ్రాయవలెనన్నచో ముందు ఒక పెద్ద గడిని మొత్తముగా చెరిపివేయవలెను. ఖాళీ స్థలము సమృద్ధిగా నున్నంతకాలము ఈ పని తెర వెనుక జరుగును. డిస్కు నిండవచ్చిన కొలది లోపలి సర్దుబాటు పెరిగి, వ్రాత మందగించును. కొన్ననాడు లేడివలె పరుగెత్తిన డిస్కు ఏడాదికి నత్తనడక నడచుచున్నదను ఫిర్యాదునకు తరచు కారణమిదే.

ఇక కొలతల మాట. డిస్కు నాడి చూచుటకు నాలుగు సంఖ్యలు కావలెను. సెకండుకు ఎన్ని అర్జీలు వచ్చుచున్నవి? సెకండుకు ఎంత సమాచారము కదలుచున్నది? ఒక్కొక్క అర్జీ తీరుటకు ఎంతసేపు పట్టుచున్నది? వరుసలో ఎన్ని అర్జీలు నిలిచియున్నవి? చాలమంది రెండవదానిని మాత్రమే చూచి తీర్పు చెప్పుదురు. వాడుకరి అనుభవించునది మూడవది. పాట వినువానికి డిస్కు ఎన్ని మెగాబైట్లు మోసినదో అక్కరలేదు. తన పాట ఆగినదా, లేదా అనునదే కావలెను.

ఈ సంఖ్యల నడుమ ఒక చక్కని బంధుత్వము కలదు. సెకండుకు వచ్చు అర్జీల సంఖ్యను ఒక్కొక్కదాని నిరీక్షణ కాలముతో హెచ్చవేసినచో వరుసలో నిలిచియున్న అర్జీల సంఖ్య వచ్చును. దీనిని 1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు రుజువు చేసినందున లిటిల్ సూత్రమందురు. వరుసలను గూర్చిన గణితశాస్త్రము అంతకు ముందే పుట్టినది. కోపెన్‌హేగన్ నగరపు టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో టెలిఫోను పిలుపుల రద్దీపై వ్రాసిన వ్యాసము దానికి నాంది. నాడు టెలిఫోను తీగలకు పనికివచ్చిన గణితము నేడు డిస్కునకు పనికివచ్చుచున్నది.

ఆ గణితము చెప్పు విశేషమొకటి గమనింపదగినది. క్రమము లేక అర్జీలు వచ్చు సాధారణమైన వరుసలో, 13 మిల్లీసెకండ్ల పని, డిస్కు సగము కాలము మాత్రమే పనిలోనున్నపుడు 26 మిల్లీసెకండ్లకు తీరును. నూటికి 80 వంతుల కాలము పనిలోనున్నపుడు 65 పట్టును. 90 వంతులైనచో 130. 95 వంతులైనచో 260. చూచితిరా? 90 నుండి 95కు పెరిగిన పని స్వల్పము. పెరిగిన నిరీక్షణ రెండింతలు. "నిన్నటి దాక బాగుగనే యున్నది, నేడు హఠాత్తుగా చెడిపోయినది" అనువారి మాట అబద్ధము కాకపోవచ్చును. చెడినదేమియు లేదు, భారము అంచు దాటినది.

ఈ సంఖ్యలను చూపు సాధనములు ఖరీదైనవి కావు. లినక్సు కంప్యూటరులో ఐఓస్టాట్ అను ఉపకరణము అర్జీల సంఖ్యను, పరిమాణమును, నిరీక్షణ కాలమును, వరుస పొడవును, పనిలోనున్న కాలపు శాతమును అంకెలలో చూపును. ఒక్క హెచ్చరిక: అది చూపు మొదటి పట్టిక కంప్యూటరును ప్రారంభించిన నాటి నుండి తీసిన సగటు. దానిని చూచి నేటి రోగమును నిర్ణయింపరాదు. ఐదారు సెకండ్లకొకసారి వచ్చు తరువాతి పట్టికలనే చదువవలెను. అర్జీలు పంపుచున్నది ఏ కార్యక్రమమో తెలిసికొనుటకు ఐఓటాప్, పిడ్‌స్టాట్ అనునవి కలవు. విండోస్ కంప్యూటరులో టాస్క్ మేనేజరు డిస్కు సగటు స్పందన కాలమును చూపును. రిసోర్స్ మానిటరు ఏ కార్యక్రమము ఏ ఫైలును తాకుచున్నదో చెప్పును. తిరుగు డిస్కునకు 10 నుండి 20 మిల్లీసెకండ్ల నిరీక్షణ సహజము. ఎస్.ఎస్.డి. సామాన్యముగా ఒక్క మిల్లీసెకండు దాటరాదు. పనిలోనున్న శాతము తిరుగు డిస్కునకు మంచి గురుతే గాని, పెక్కు అర్జీలను ఒక్కసారి తీర్చు ఎస్.ఎస్.డి. నూటికి నూరు చూపినను దానికి ఇంకను ఓపిక మిగిలియుండవచ్చును.

ఒక దృష్టాంతము తీసికొందము. ఒకానొక స్టూడియోలో ప్రతిరాత్రి 8 గంటలకు ప్రసారమగు పాట నడుమనడుమ తెగుచున్నదనుకొందము. డిస్కు పాతబడినదనియు, కొత్తది కొనవలెననియు ఒకరి వాదము. సెకండుకు 4 మెగాబైట్లే కదలుచున్నవి గనుక డిస్కు తీరికగా నున్నదని ఇంకొకరి వాదము. కొలిచి చూడగా సెకండుకు అర్జీలు 77. ఒక్కొక్కటి సగటున 50 కిలోబైట్లు. నిరీక్షణ 180 మిల్లీసెకండ్లు. వరుసలో 14 అర్జీలు. 77ను 0.18తో హెచ్చవేసినచో సుమారు 14. లిటిల్ సూత్రమునకు సరిపోయినది, కొలతలలో పొరపాటు లేదు. పైన వేసిన లెక్క ప్రకారము సెకండుకు 77 అర్జీలే తిరుగు డిస్కునకు పరమావధి. అనగా మెగాబైట్లలో తీరికగా కనబడు ఈ డిస్కు అర్జీలలో ఊపిరి సలుపక యున్నది. రెండు వాదములును తప్పినవి.

మరి ఇన్ని చిన్న అర్జీలు ఎవరివి? పిడ్‌స్టాటును అడుగగా, రాత్రి 8 గంటలకు మొదలగునట్లు ఎవరో ఎన్నడో ఏర్పాటు చేసిన వైరసు శోధన వేల కొలది చిన్న ఫైళ్లను తెరచి చూచుచున్నదని తేలినది. సగటు 180 మిల్లీసెకండ్లే అయినను కొన్ని అర్జీలు రెండు మూడు సెకండ్లు వేచినవి. పాట తెగినది ఆ క్షణములలోనే. నది సగటు లోతు మోకాలిబంటి యని నమ్మి దిగినవాడు మునుగుట నడుమనున్న మడుగులో గదా! చికిత్స ఏమి? శోధనను తెల్లవారుజాము 3 గంటలకు మార్చుట. ఖర్చు సున్న. కొలవకుండ కొత్త డిస్కు కొనియుండినచో ధనము పోయెడిది, పాట మరునాడును తెగెడిది.

డిస్కుపై పడు అపనిందలు మరికొన్ని కలవు. కంప్యూటరు జ్ఞాపకస్థానము, అనగా మెమరీ, చాలనపుడు ఆపరేటింగ్ సిస్టము కొంత సమాచారమును డిస్కుపైకి నెట్టి మరల తెచ్చుకొనుచుండును. అపుడు డిస్కు రాత్రింబగళ్లు శ్రమించును. దోషము మాత్రము మెమరీది. కొనవలసినది మెమరీ, డిస్కు కాదు. లినక్సులో ఐఓవెయిట్ అను శాతము పెరిగినదని బెదరుట రెండవ పొరపాటు. డిస్కు కొరకు ఎదురుచూచుచు ప్రాసెసరు ఖాళీగా నున్న కాలమే ఆ సంఖ్య. ప్రాసెసరునకు వేరొక పని దొరకినచో, డిస్కు ఎంత బాధలో నున్నను ఆ సంఖ్య పడిపోవును. ఈ కొరతను తీర్చుటకే 2018లో వెలువడిన లినక్సు 4.20లో, పనులు డిస్కు కొరకు ఎంత కాలము నిలిచిపోయినవో నేరుగా చెప్పు ఒత్తిడి లెక్కను చేర్చిరి.

పరీక్షించువారు తమను తామే మోసగించుకొను చోటొకటి కలదు. ఒక పెద్ద ఫైలును చదివి కాలము లెక్కించి, మరల చదివినచో రెండవసారి పనిలేని వేగము కనబడును. అది డిస్కు వేగము కాదు. మొదటిసారి చదివినది మెమరీలో నిలిచియున్నందున వచ్చిన వేగము. వ్రాత కూడ అంతే. వ్రాసితినని కార్యక్రమము అనుకొన్న కొన్ని సెకండ్లకు గాని అక్షరములు డిస్కును చేరకపోవచ్చును. ఈలోపల విద్యుత్తు పోయినచో అవి దక్కవు. లావాదేవీలను వ్రాయు బ్యాంకు కార్యక్రమములు డిస్కును చేరిన పిదపనే ముందుకు సాగుదునని పట్టుబట్టుట, అందువలన నెమ్మదిగా నుండుట ఇందుకే. ఆ నిదానము దోషము కాదు, జాగ్రత్త. పెక్కు డిస్కులను జతచేసి ఒకటి చెడినను సమాచారము నిలుచునట్లు చేయు రెయిడ్-5 పద్ధతిలో ఒక చిన్న వ్రాతకు నాలుగు పనులు కావలెను: పాత సమాచారమును, పాత సరిచూపు అంకెను చదువుట, కొత్తవి రెండింటిని వ్రాయుట. ఇది తెలియనివారు నాలుగు డిస్కులున్నవి గనుక నాలుగింతల వేగము ఆశించి నిరాశ చెందుదురు.

రేడియో శ్రోతలకు వినోదము కలిగించు నిదర్శనమొకటి చెప్పవలెను. 2008 చివరలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ పనిచేయుచున్న డిస్కుల వరుస ముందు నిలిచి వాటిపై బిగ్గరగా అరచెను. పక్కనున్న తెరపై నిరీక్షణ కాలపు గీత ఆ క్షణముననే పైకెగసినది! కంఠధ్వని పుట్టించిన కంపనము వలన తలలు తమ సన్నని వలయములపై కుదురుగా నిలువలేక, అర్జీలు ఆలస్యమైనవి. 2016 సెప్టెంబరులో బుఖారెస్టు నగరపు ఒక బ్యాంకులో అగ్నినివారణ వాయువును పరీక్షించునపుడు పుట్టిన భీకరధ్వనికి డిస్కులు దెబ్బతిని, గంటల కొలది కార్డుల వ్యవహారములు నిలిచిపోయినవి. డిస్కు కేవలము అంకెల పెట్టె కాదు; వేడి, ధూళి, కుదుపు, ధ్వని అన్నియు తగులు సున్నితమైన యంత్రము.

చివరకు నిజమైన రోగము. భారము తక్కువగా నుండి నిరీక్షణ ఎక్కువగా నున్నచో డిస్కునే శంకింపవలెను. చదువలేని చోటును డిస్కు మరల మరల ప్రయత్నించుచుండును. ఒక్కొక్క ప్రయత్నము సెకండ్లు మ్రింగును. ప్రతి డిస్కు తన ఆరోగ్యపు చిట్టాను తానే వ్రాసికొనును. దానిని స్మార్ట్ అందురు. అందు 5వ సంఖ్య చెడినందున వేరుచోటికి మార్చిన ముక్కల లెక్క. 197వది ఇంకను తేలక నిలిచిన అనుమానపు ముక్కల లెక్క. 199వది పెరుగుచున్నచో తరచు దోషము డిస్కుది కాదు, దానిని కలుపు తీగది. కొద్ది రూపాయల తీగను మార్చవలసిన చోట వేల రూపాయల డిస్కును మార్చినవారు కలరు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు మించిన డిస్కులను పరిశీలించి ఒక నివేదిక ప్రకటించిరి. డిస్కు ఉపరితలమును తనిఖీ చేయునపుడు మొదటి లోపము బయటపడినది మొదలు 60 దినములలో ఆ డిస్కు చెడిపోవు అవకాశము, లోపము లేనివాటి కంటె 39 రెట్లు ఎక్కువని అందు తేల్చిరి. అదే నివేదికలో మరియొక మాట కలదు: చెడిన డిస్కులలో సగమునకు పైగా, ముఖ్యమైన నాలుగు ఆరోగ్య చిహ్నములలో దేనియందును ముందుగా ఏ హెచ్చరికయు చూపలేదు. చిట్టా చెడ్డదైనచో నమ్మవలెను. మంచిదైనచో దానిని నమ్మి నిద్రపోరాదు.

కాబట్టి క్రమమిది. ముందు ఫిర్యాదును స్పష్టము చేసికొనుడు: ఏ పని, ఏ వేళ, ఎంత ఆలస్యము? అంతా సవ్యముగా నున్న దినమున నాలుగు సంఖ్యలను వ్రాసి యుంచుడు. ఆరోగ్యపు కొలత తెలియనిదే అనారోగ్యము తెలియదు. పిదప నిరీక్షణ కాలమును, అర్జీలను, వరుసను చూచి, అర్జీలు పంపువాని పేరు కనుగొనుడు. మెమరీ చాలునో లేదో చూడుడు. చివర చిట్టా, తీగ, యంత్రము. మార్పు ఒక్కసారికి ఒక్కటే చేసి మరల కొలవుడు. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినచో రోగము కుదిరినను మందేదో తెలియదు. కాని చిట్టాలో చెడు సూచన కనబడినచో ఈ క్రమమంతయు ప్రక్కన పెట్టి, ఆ క్షణమే ప్రతి తీసి వేరొక చోట భద్రపరచుడు. నెమ్మదించిన డిస్కును రేపు సరిచేసికొనవచ్చును. దాని మీద నున్న ఒక గాయకుని ఏకైక కచేరీ పోయినచో దానిని మరల పాడించుటకు ఆ గాయకుడు లేకపోవచ్చును.